రెండో మనిషి పక్కన రెండు వారాలు: ఉత్తర చెన్నై తెలుగు పిల్లల పనిచోటు అనుభవాలు – ఒక కేస్ స్టడీ

తమిళనాడులో పదో తరగతి పబ్లిక్ పరీక్షలు ఏప్రిల్‌లో అయిపోతాయి. ఫలితాలు మే నెలలో వస్తాయి. జూన్‌లో ప్లస్ వన్ (పదకొండో తరగతి) మొదలయ్యే లోపు ఏ గ్రూపో తేల్చుకోవాలి. లెక్కలు, సైన్సు ఉండే ఫస్ట్ గ్రూపా, కామర్సా, లేక పాలిటెక్నిక్కా? పదిహేనేళ్ల పిల్లల విషయంలో ఇంత పెద్ద నిర్ణయం ఆ నెలన్నరలోనే జరిగిపోతుంది. అప్పటికి ఇంట్లో వాళ్ల చేతిలో ఉండేది మార్కుల షీటు, ఎదురింటి అబ్బాయి ఏం చదివాడన్న సమాచారం. అంతే.

నేను ఉత్తర చెన్నైలో తెలుగు పిల్లలు ఎక్కువగా చదివే ఒక ఎయిడెడ్ స్కూల్లో టీచర్‌ని. కెరీర్ కౌన్సెలింగ్ బాధ్యత కూడా నాదే. మా పిల్లలు కొరుక్కుపేట, తండయార్‌పేట, వ్యాసర్‌పాడి వైపు నుంచి వస్తారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, సైన్సు పుస్తకంలో సగం ఇంగ్లీషు. తండ్రుల్లో హార్బర్‌లో పనిచేసేవాళ్లు, లారీ డ్రైవర్లు, వర్క్‌షాపుల్లో టర్నర్లు ఉన్నారు. తల్లుల్లో చాలామంది మిషన్ కుడతారు, లేదా ఇంటి ముందే చిన్న కొట్టు నడుపుతారు. "పెద్దయ్యాక ఏమవుతావు?" అంటే క్లాసు మొత్తం మీద ఐదారు పేర్లే వినిపిస్తాయి: డాక్టర్, ఇంజనీర్, కలెక్టర్, బ్యాంకు, ఐటీ, పోలీసు. ఆ పేర్ల వెనక రోజూ ఏం పని జరుగుతుందో పిల్లలకూ తెలియదు, చాలాసార్లు వాళ్ల అమ్మానాన్నలకూ తెలియదు.

అందుకే పదో తరగతి పరీక్షలయ్యాక, అడిగిన పిల్లలను రెండు వారాలపాటు ఏదో ఒక పనిచోటుకి పంపడం మొదలుపెట్టాం. ఆలోచన కొత్తదేమీ కాదు. స్విట్జర్లండ్‌లో పిల్లలు అప్రెంటిస్‌షిప్‌లో చేరే ముందు కొద్ది రోజులు ఆ పనిచోట గడిపి చూసుకుంటారు. మన 2020 జాతీయ విద్యా విధానం కూడా 6 నుంచి 8 తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరుల దగ్గర పని చూడమంటుంది. తమిళనాడు ఆ విధానాన్ని తీసుకోలేదు కానీ, 2022 మార్చి 1న మొదలైన నాన్ ముదల్వన్ పథకం ద్వారా ప్రభుత్వ బడుల్లో కెరీర్ గైడెన్స్ జరుగుతోంది. కోర్సుల వివరాలు, ప్రవేశ పరీక్షల సమాచారం ఇప్పుడు పిల్లలకు బాగానే అందుతున్నాయి. పనిచోటు మాత్రం లోపలికి వెళ్లి చూస్తే తప్ప తెలియదు.

ఎవరి పక్కన కూర్చోబెట్టాలి

ఈ పనిలో నాకు బలంగా కుదిరిన అభిప్రాయం ఒక్కటే. పిల్లను యజమాని పక్కన కూర్చోబెట్టకూడదు. ఆ చోట పనిని చేత్తో చేసే రెండో మనిషి పక్కన కూర్చోబెట్టాలి. వర్క్‌షాపులో ఇన్‌స్పెక్టర్, క్లినిక్‌లో కాంపౌండర్, ఆడిటర్ ఆఫీసులో సీఏ చదువుతూ శిక్షణలో ఉండే ఆర్టికల్ అసిస్టెంట్, స్టూడియోలో సౌండ్ ఇంజనీర్ దగ్గరుండే అసిస్టెంట్. యజమానులు మంచివాళ్లే, మంచివాళ్లు కాబట్టే పిల్లలను రానిస్తారు. కానీ వాళ్లు పిల్లలతో మాట్లాడేది తాము ఎలా పైకొచ్చారన్నది. రోజంతా వాళ్ల దగ్గర ఫోన్లు, కస్టమర్లు, బ్యాంకు పనులే. రెండో మనిషి అలా కాదు. ఆయన చేతిలో పని ఉంటుంది, పక్కన స్టూలు ఉంటుంది, అడిగితే జవాబు చెప్పే ఓపికా ఉంటుంది. పైగా ఆయన చేసే ఉద్యోగం పిల్లకు నిజంగా అందే దూరంలో ఉంటుంది. అందుకే ఇప్పుడు ఒక చోటు మాట్లాడుకోవడానికి వెళితే మొదట అడిగేది "మా పిల్ల ఎవరి పక్కన ఉంటుంది సార్?" అని. ఆ మనిషితో కూడా ఐదు నిమిషాలు మాట్లాడాకే పంపుతాం.

రెండోది చట్టం. 14 నుంచి 18 ఏళ్ల మధ్య పిల్లలను ప్రమాదకరమైన పనుల్లో పెట్టడం బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ తర్వాత నేరం. మిగతా పనుల్లో కూడా వరసగా మూడు గంటలు దాటకూడదు, మధ్యలో కనీసం గంట విశ్రాంతి ఇవ్వాలి, అంతా కలిపి రోజుకి ఆరు గంటలు మించకూడదు. సాయంత్రం 7 నుంచి ఉదయం 8 దాకా పని చేయించకూడదు. మా పిల్లలు వెళ్లేది ఉద్యోగానికి కాదు, చూసి నేర్చుకోవడానికి. అయినా ఆ గంటలనే మా హద్దుగా పెట్టుకున్నాం. తిరుగుతున్న మిషన్ మీద చెయ్యి పెట్టకూడదు, డబ్బు ముట్టుకోకూడదు, బండి మీద డెలివరీకి పంపకూడదు. ఇవన్నీ ఒక కాగితం మీద తమిళంలో, ఇంగ్లీషులో రాసి సంతకం తీసుకుంటాం. ఇంట్లో వాళ్లకి అదే తెలుగులో ఇస్తాం.

పిల్లల పేర్లు, సంస్థల పేర్లు ఇక్కడ రాయడం లేదు.

అంబత్తూరు: వేడి మీద కొలవకూడదు

వ్యాసర్‌పాడి అబ్బాయి. వాళ్ల నాన్న ఒక చిన్న వర్క్‌షాపులో టర్నర్. అబ్బాయికి మిషన్లంటే ఇష్టం, లెక్కల్లో మంచి మార్కులు. అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో వాహనాల కంపెనీలకు బుష్‌లు (మధ్యలో రంధ్రం ఉండే గుండ్రటి ఉక్కు ముక్కలు) చేసిచ్చే ఒక యూనిట్ ఒప్పుకుంది. జీవా స్టేషన్‌లో లోకల్ ఎక్కి పట్టరవాక్కంలో దిగితే నడిచి వెళ్లేంత దూరం.

మిషన్ల దగ్గరికి వెళ్లకూడదు కాబట్టి కూర్చోబెట్టింది ఇన్‌స్పెక్షన్ బల్ల దగ్గర. అక్కడ ఇన్‌స్పెక్టర్ చిత్తూరు వైపాయన, మెకానికల్ డిప్లొమా చేసి వచ్చారు. మొదట గో, నో-గో గేజ్ ఇచ్చారు. గో వైపు రంధ్రంలోకి సాఫీగా వెళ్లాలి, నో-గో వైపు వెళ్లకూడదు. రెండూ సరిపోతే ముక్క పాసు. తర్వాత 0.01 మిల్లీమీటరు దాకా చదివే మైక్రోమీటర్ చేతికిచ్చి బయటి వ్యాసం కొలవమన్నారు.

మొదటి వారం మధ్యలో అబ్బాయి ఒక ట్రేలో చాలా ముక్కలు పెద్దవిగా ఉన్నాయని పక్కన పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ ఏమీ అనలేదు. టీ తాగి రమ్మన్నారు. వచ్చాక అవే ముక్కలు మళ్లీ కొలవమన్నారు. ఈసారి చాలావరకు పాసయ్యాయి. అప్పుడు చెప్పారు: మిషన్ మీద నుంచి అప్పుడే దిగిన ముక్క వేడిగా ఉంటుంది, వేడికి ఉక్కు వ్యాకోచిస్తుంది. 50 మిల్లీమీటర్ల ఉక్కు ముక్క గదికన్నా ముప్పై డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే దాదాపు 0.018 మిల్లీమీటర్లు పెద్దదిగా కనిపిస్తుంది. డ్రాయింగ్‌లో ఇచ్చిన హద్దు 0.02 అయితే ఆ వేడి ఒక్కటే మంచి ముక్కను చెడ్డదిగా చూపించేస్తుంది. కొలతలన్నీ 20 డిగ్రీల దగ్గర సరిగ్గా ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం ఉందని కూడా ఆయనే చెప్పారు. మే నెల చెన్నైలో, కత్తిరి ఎండల్లో, రేకుల షెడ్డులో 20 డిగ్రీలు ఎక్కడివి? అందుకే ముక్క, గేజ్, మైక్రోమీటర్ మూడూ కాసేపు ఒకే బల్ల మీద ఉండి ఒకే వేడికి రావాలి.

వ్యాకోచం గురించి వాడు అంతకుముందే చదువుకున్నాడు. రైలు పట్టాల మధ్య ఖాళీ అని పరీక్షలో రాశాడు కూడా. ఆ పాఠానికి ఒక ట్రే నిండా ముక్కలు తిరగ్గొట్టేంత బలం ఉందని ఆ బల్ల దగ్గరే తెలిసింది. ఇదే యజమాని పక్కన కూర్చుంటే జరిగేది కాదు. మొదటి రోజు యజమాని అరగంట మాట్లాడారు, ఒక్క లేత్‌తో ఎలా మొదలుపెట్టారో చెప్పారు. అబ్బాయి డైరీలో ఆ అరగంటకి ఒక్క వాక్యమే ఉంది. ట్రే సంగతికి పేజీన్నర రాశాడు.

వాడికి ఇంకో భయం ఉండేది. అక్కడ ఆపరేటర్లంతా ఉత్తరాది వాళ్లు, హిందీ రాదని వెక్కిరిస్తారేమోనని. తీరా చూస్తే వాళ్లలో కొందరు ఒడిశా బరంపురం వైపు వాళ్లు, ఇంట్లో తెలుగే. రెండో వారానికి మధ్యాహ్నం వాళ్లతోనే కూర్చుని తిన్నాడు.

అసలు కష్టం ఇంట్లో వచ్చింది. పంపే ముందే వాళ్ల నాన్న నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ చాపి చూపించారు. "చూడండి మేడమ్, ఈ నూనె చేతులు నాతో ఆగిపోవాలనే కదా వాణ్ణి చదివిస్తున్నా. మీరు మళ్లీ అక్కడికే పంపుతానంటారు" అన్నారు. ఆ బాధ నిజమైనది. ఇరవై ఏళ్లు నిలబడి పనిచేసిన మనిషికి ఆ మాట అనే హక్కుంది. నేను వాదించలేదు. రెండు వారాలే, ఆ తర్వాత మీ ఇష్టం అన్నాను.

అబ్బాయి ఆ ట్రే సంగతి ఇంట్లో చెప్పిన మర్నాడు ఆయనే ఫోన్ చేశారు. వేడి మీద కొలవకూడదని ఆయనకు ఎప్పటి నుంచో తెలుసు, మేస్త్రీ చెప్పాడట. ఎందుకు కొలవకూడదో, ఎంత తేడా వస్తుందో కొడుకు లెక్కగట్టి చూపించాడు. తర్వాత ఒక శనివారం సెలవు పెట్టి ఆ యూనిట్‌కి వచ్చి, ఇన్‌స్పెక్టర్‌తో చాలాసేపు మాట్లాడారు. పదో తరగతి తర్వాత మూడేళ్ల డిప్లొమా, ఆపైన లేటరల్ ఎంట్రీలో నేరుగా బీఈ రెండో ఏడాదిలో చేరొచ్చు అన్న దారి ఆయనకి నేను చెప్పినప్పుడు ఎక్కలేదు, ఆ దారిలో నడిచిన మనిషి చెప్పినప్పుడు ఎక్కింది. అబ్బాయి ఇప్పుడు పాలిటెక్నిక్‌లో ఉన్నాడు. బీఈ కూడా చేయాలన్నది నాన్న షరతు.

వేపేరి: ఫ్రిజ్ పుస్తకం

కుక్కపిల్లలంటే ప్రాణం పెట్టే అమ్మాయి. పశువుల డాక్టర్ అవుతానంది. 1903 నుంచి నడుస్తున్న మద్రాస్ వెటర్నరీ కాలేజీ వేపేరిలో ఉంది, ఆ పక్కనే ప్రైవేటు క్లినిక్‌లు కూడా ఉన్నాయి. అందులో ఒకటి ఒప్పుకుంది. జంతువులను పట్టుకోకూడదు, కరిచే ప్రమాదం ఉన్న చోట నిలబడకూడదు అన్నది మా షరతు. దాంతో మిగిలింది బరువు చూసే బల్ల, టీకా కార్డులు, ఫ్రిజ్.

ఫ్రిజ్ పని కాంపౌండర్‌ది. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఉదయం వచ్చాక, సాయంత్రం వెళ్లే ముందు ఉష్ణోగ్రత చూసి పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. ఆ పని అమ్మాయికి ఇచ్చారు. ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోతే తలుపు తెరవకుండా ఉంచి, కరెంటు వచ్చాక ముల్లు ఎక్కడుందో చూసి రాసింది. "ఈ పుస్తకం తప్పయితే కార్డు మీద వేసే టీకా స్టాంపు కూడా తప్పే పాపా" అన్నారట కాంపౌండర్. ఆ మాట నాకు అలాగే చెప్పింది.

పార్వో అనే వైరస్ జబ్బు వచ్చిన కుక్కపిల్లను తెచ్చినప్పుడు దాన్ని మిగతా వాటికి దూరంగా వేరే గదిలోకి పంపి, అది కూర్చున్న చోటంతా బ్లీచింగ్ ద్రావణంతో తుడిచారు. ఆ వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుందని, మామూలు సబ్బుకి చావదని తెలుసుకుంది. ఆ కుక్కపిల్ల బతకలేదు. తెచ్చిన కుటుంబంతో డాక్టర్ మాట్లాడుతుంటే బయట కూర్చున్న వాళ్లకు మా అమ్మాయి నీళ్లిచ్చింది.

రెండు వారాలయ్యాక నేను అడిగింది డాక్టర్ అవుతావా అని కాదు. అక్కడ ఎంతమంది ఏమేం పనులు చేస్తున్నారో చెప్పమన్నాను. కాంపౌండర్, రక్త పరీక్షలు చేసే ల్యాబ్ టెక్నీషియన్, మందుల కంపెనీ నుంచి వచ్చే ప్రతినిధి, ఎక్స్‌రే తీసే ఆయన, కుక్కలకు స్నానం, గోళ్లు, వెంట్రుకలు చూసే గ్రూమర్, అంటూ వేళ్లు మడుస్తూ పోయింది. పశువైద్యంలో ఆవులు, గేదెలు, కోళ్లు కూడా ఉంటాయని, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల చదువని ఇప్పుడు తెలుసు. ఫస్ట్ గ్రూపు బయాలజీతో తీసుకుంది. సీటు రాకపోతే ల్యాబ్ వైపు వెళతానని వాళ్ల అమ్మతో తనే చెప్పింది. పదిహేనేళ్ల పిల్ల నోట రెండో దారి మాట ఏడుపు లేకుండా రావడం నాకు పెద్ద విషయం.

షావుకారుపేట, వడపళని

షావుకారుపేటలో ఆడిటర్ ఆఫీసుకి వెళ్లిన అబ్బాయి గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. 20వ తేదీకి జీఎస్టీ రిటర్నులు వేయాలి కాబట్టి ఆ వారమంతా ఆఫీసు టెన్షన్‌గా ఉంది. ఆర్టికల్ అసిస్టెంట్ పక్కన కూర్చుని కొనుగోలు బిల్లులు ఒక్కొక్కటిగా సరిచూసి టిక్ పెట్టాడు. విసుగనిపించిందా అంటే, లేదు మిస్, చివర్లో లెక్క తేలితే బాగుంటుంది అన్నాడు. కామర్స్ తీసుకున్నాడు. ఆర్టికల్‌షిప్ ఇప్పుడు మూడేళ్లు కాదు, రెండేళ్లేనని కూడా అక్కడే తెలుసుకున్నాడు.

వడపళని సంగతి వేరు. తండయార్‌పేట అమ్మాయి, పద్యాలు బాగా చదువుతుంది. సౌండ్ స్టూడియోకి వెళతానంది. తెలుగు సినిమా హైదరాబాద్ వెళ్లిపోయినా డబ్బింగ్ పని ఇంకా కోడంబాక్కం, వడపళని వైపు జరుగుతూనే ఉంది. సినిమా అనగానే వాళ్లమ్మ భయపడింది. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. డబ్బింగ్ ఇన్‌చార్జి ఆడమనిషి అయిన చోటే చూశాం. మొదటి రోజు తల్లి కూడా వెళ్లి కూర్చుంది. టైము పదింటి నుంచి నాలుగింటి దాకా, మధ్యలో గంట విరామం. రాత్రి షిఫ్టులు లేవు.

ఒక హిందీ సిరీస్‌కి తెలుగు డబ్బింగ్ జరుగుతోంది. అసిస్టెంట్ పక్కన కూర్చున్న అమ్మాయి ఒక్కో ముక్క ఎన్నిసార్లు మళ్లీ చెప్పిస్తున్నారో చూసింది. తెర మీద పెదవులు కలిసిన చోట తెలుగులోనూ ప, బ, మ లాంటి అక్షరం పడాలి. లేకపోతే చూసేవాళ్లకు ఎందుకో తెలియకుండానే అతకనట్టుంటుంది. మాట బాగుండి, అర్థం సరిపోయి, పెదవి కలవకపోతే రచయిత అక్కడికక్కడే వాక్యం తిరగరాస్తారు. ఆ తిరగరాయడం చూస్తూ కూర్చోవడమే ఆ పిల్లకు ఎక్కువ నచ్చింది. మైకు ముందు నిలబడాలన్న మోజు పోలేదు కానీ, మైకు వెనక అంత మంది ఉంటారని, అందులో రాసేవాళ్లుంటారని తెలిసింది.

విరామంలో అసిస్టెంట్ మా అమ్మాయి గొంతు రికార్డు చేసి వినిపించాడు. మా చెన్నై తెలుగులో తమిళం రాగం ఉంటుంది, వాక్యం చివర పైకి లేస్తుంది. విని ముందు సిగ్గుపడింది. ఇన్‌చార్జి "అమ్మా, ఈ యాస పోగొట్టుకోవద్దు, కావాల్సినప్పుడు పక్కన పెట్టడం నేర్చుకో" అన్నారు. మా పిల్లల భాషను తక్కువ చేసి మాట్లాడేవాళ్లే ఎక్కువ దొరుకుతారు, అందుకే ఆవిడ మాటకు నేను ఎంతో రుణపడ్డాను. అమ్మాయి కంప్యూటర్ సైన్స్ ఉన్న గ్రూపు తీసుకుంది. తర్వాత విస్‌కామ్ (విజువల్ కమ్యూనికేషన్) చదవాలని ఉంది. లైబ్రరీ నుంచి తెలుగు కథలు తీసుకెళ్లి గట్టిగా చదువుతోంది.

పని దొరకని చోట్లు

అన్నీ ఇలా జరగలేదు. పాత మహాబలిపురం రోడ్డులో ఒక ఐటీ కంపెనీకి వెళ్లిన పిల్లలకు సెక్యూరిటీ నియమాల వల్ల కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు. కాన్ఫరెన్స్ గదిలో స్లైడ్లు చూపించి, భోజనం పెట్టి, ఫొటో తీసి పంపించారు. పిల్లలు సంతోషంగా వచ్చారు, పని మాత్రం చూడలేదు. ఒక నర్సింగ్ హోమ్‌లో డాక్టర్ కావాలనుకున్న అమ్మాయి రెండు వారాలూ రిసెప్షన్ దగ్గరే ఉంది. రోగుల గోప్యత వల్ల అంతకన్నా లోపలికి పంపలేమన్నారు, అందులో న్యాయముంది. ఆ వయసు పిల్లలకు ఆసుపత్రి కన్నా డయాగ్నొస్టిక్ ల్యాబ్, మందుల షాపు, ఫిజియోథెరపీ క్లినిక్ మేలని ఇప్పుడు మేం అనుకుంటున్నాం.

ఒక హోల్‌సేల్ షాపులో మాత్రం అబ్బాయి చేత అట్టపెట్టెలు మోయించడం మొదలుపెట్టారు. సంతకం పెట్టిన కాగితం చూపిస్తే "ఇదీ పనే కదా మేడమ్" అన్నారు. ఆ సాయంత్రమే వెనక్కి తెచ్చేశాం. జీతం లేకుండా మోయించుకోవడానికి పిల్లలను బడి పంపదు. ఆ షాపుకి మళ్లీ ఎవరినీ పంపలేదు.

డైరీ గురించి ఒక మాట. "ఇవాళ నేనేం నేర్చుకున్నాను" అని రాయమంటే అందరూ ఒకేలా రాస్తారు, క్రమశిక్షణ, సమయపాలన అని. అది మానేసి మూడు ప్రశ్నలిస్తున్నాం. ఇవాళ ఏ పని రెండోసారి చేయాల్సి వచ్చింది, ఎందుకు? ఎవరు ఎవర్ని ఏమడిగారు? ఇక్కడ నీకు పేరు తెలియని ఉద్యోగం ఎవరిది? ట్రే సంగతి, పెదవుల సంగతి మొదటి ప్రశ్న వల్లే బయటికొచ్చాయి. మూడో ప్రశ్నకు వచ్చిన జవాబులతో క్లాసులో గోడ మీద ఒక చార్టు వేశాం. అది ఐదారు పేర్లు దాటి చాలా దూరం పోయింది. తొమ్మిదో తరగతి పిల్లలు ఆగి చదువుతున్నారు.

ఒక్క విషయంలో నాకు తృప్తి లేదు. అంబత్తూరు, గిండీ వైపు వర్క్‌షాపులకు ఇంతవరకు ఒక్క ఆడపిల్లను కూడా పంపలేకపోయాం. అడిగినవాళ్లు లేక కాదు, మైక్రోమీటర్ సంగతి విన్నాక ఇద్దరు ముగ్గురు అడిగారు. మేం చూసిన చిన్న యూనిట్లలో ఆడవాళ్లకు టాయిలెట్ లేదు, ఒకచోట ఉన్నదానికి గడియ లేదు. ఆరు గంటలు నీళ్లు తాగకుండా కూర్చోమని ఏ పిల్లకూ చెప్పను. ఆడవాళ్లు ఇప్పటికే పనిచేస్తున్న యూనిట్ల జాబితా ఒకటి తయారు చేస్తున్నాం. ఆ చిత్తూరు ఇన్‌స్పెక్టర్ తనకు తెలిసిన రెండు చోట్ల పేర్లు ఇచ్చారు. వచ్చే పరీక్షలు అయ్యేలోపు అవి చూసి రావాలి. అలాంటి చోట్లు తెలిసినవాళ్లు చెబితే వెళ్లి మాట్లాడటానికి మేం సిద్ధంగా ఉన్నాం.